విరుగుడు లేని మందు

"ఆ గిన్నె ఇటివ్వు."

ఇవ్వమనడం మాటకే. ఇదిల్మా చెయ్యి అప్పటికే గిన్నె మీద పడింది. కోడలి చేతుల్లోంచి నాటుకోడి పులుసు లాక్కుని, గబగబా వంటింట్లోకి పోయి తొట్టిలో ఒంపేసింది. పులుసు గొట్టంలోకి జారిపోయే చప్పుడు భోజనాల బల్ల దాకా వినిపించింది.

వల ఊయలలో పసివాణ్ణి పొట్ట మీద పడుకోబెట్టుకున్న నార్సిసా నీరసంగా తల తిప్పింది.

"అమ్మా, అది నువ్వు వండిందేగా! వదిన గిన్నెలో పోసింది, అంతే."

"వండింది నేనే. పోసిందెవరో కూడా చూసుకోవాలి కదా." ఇదిల్మా చేతులు నడుముకి కట్టుకున్న వంటబట్టకి తుడుచుకుంటూ వచ్చింది. "దీని చెయ్యి తగిలింది ఏదీ ఇక నీ ఒంట్లోకి పోదు. ఒకసారి పోయింది చాలు."

కోడలు బెత్సబే గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. మాంతా రేవు ఊరి పెద్దాసుపత్రిలో మత్తు డాక్టరుగా ఎన్ని వేల మందిని నిద్రపుచ్చి లేపిందో ఆమెకే తెలియదు. ఇప్పుడు సొంతింట్లో పులుసు పోస్తే అది తొట్టిలోకి పోతోంది.

బల్ల దగ్గర మగవాళ్ళు ముగ్గురూ పళ్ళేల్లోకి చూస్తున్నారు. మామగారు ప్లుతార్కో వేరుసెనగ పొడిలో అరటికాయ ముద్ద అద్దుకుంటూ ఏమీ విననట్టు నమిలాడు. భర్త దిమాస్ ఒక్కసారి తలెత్తి, భార్య కళ్ళు తనవైపే ఉన్నాయని చూసి దించేశాడు. నార్సిసా మొగుడు ఓత్మారో మాత్రం చెంచా పక్కన పెట్టాడు.

"అక్కయ్య గారూ, నాకొక్కటి చెప్పండి," అన్నాడు. "మా చేపల ఫ్యాక్టరీలో ఒకడికి అపెండిక్స్ తీశారు. కుట్లు పడగానే విరుగుడు ఇచ్చారట, కాసేపట్లో లేచి పెళ్ళాన్ని గుర్తుపట్టాడట. మా ఆవిడకి ఆ విరుగుడు ఎందుకివ్వలేదు? మధ్యాహ్నం కాన్పు ఆపరేషన్‌కి లోపలికెళ్ళిన మనిషి దీపాలు పెట్టే వేళ దాకా మిషన్‌తో ఊపిరి పీల్చింది. ఇటు చూస్తే బిడ్డ కేరుమంటున్నాడు, అటు చూస్తే తల్లి కనురెప్ప కూడా కదలడం లేదు. అద్దంలోంచి నేను చూశాను. మీరు చూళ్ళేదు నన్ను."

"చూశాను ఓత్మారో."

"మరి?"

"మీవాడికి ఇచ్చిన మందు వేరు. నార్సిసాకి ఇచ్చింది వేరు."

"ఏదైనా విషమే!" ఇదిల్మా అందుకుంది. "తూర్పున ఓరియెంతె అడవుల్లో బాణాలకి పూసి కోతుల్ని పడగొడతారే, దాన్నే వీళ్ళు సీసాల్లో పోసి పెట్టుకుంటారు. కాదని చెప్పమను!"

"కాదని ఎందుకంటాను అత్తయ్యా? ఓత్మారో చెప్పినవాడికిచ్చింది ఆ వంశానిదే." బెత్సబే గరిటె కింద పెట్టి కుర్చీ లాక్కుంది. ఈ మాటలు ఆసుపత్రి విచారణ కమిటీ ముందు చెప్పింది. ఇంట్లో ఎవరూ అడగలేదు. "కండరం కదలాలంటే నరం నుంచి కబురు రావాలి. ఆ మందు దారికి అడ్డంగా కూర్చుని కబురు అందనివ్వదు. దానికి విరుగుడు ఉంది. ఆ విరుగుడు ఇస్తే కబురు మోసే సరుకు పెరుగుతుంది, అది పెరిగి అడ్డంగా ఉన్నదాన్ని తోసేస్తుంది. కానీ నార్సిసాకి అంత వ్యవధి లేదు. బొడ్డుతాడు ముందే జారిపోయింది. బిడ్డ గుండె నెమ్మదించిపోతోంది. తల్లి గొంతులో గొట్టం వెయ్యాలంటే ఒళ్ళంతా తక్షణం వదులవ్వాలి. అంత తొందరగా పనిచేసేది నా దగ్గర ఆ రోజు ఒక్కటే ఉంది. సక్సినైల్‌కోలిన్. అది అడ్డం కూర్చోదు, తనే కబురులా వేషం వేసుకుని కండరంలోకి పోతుంది. కండరం ఒక్కసారి వణికి, ఇక లేవలేక పడిపోతుంది. మామూలు మనుషుల్లో కొన్ని నిమిషాలే. రక్తంలో ఉండే ఒక ఎంజైమ్ దాన్ని ముక్కలు చేసేస్తుంది."

"దానికి విరుగుడు?"

"లేదు."

ఓత్మారో ఇదిల్మా వైపు చూశాడు. చూశారా అన్నట్టు.

"మనిషి రక్తమే దానికి విరుగుడు," అంది బెత్సబే. "నార్సిసా రక్తంలో ఆ ఎంజైమ్ పుట్టుకతోనే వంకరగా తయారైంది. పని చెయ్యదు. ఆ స్థితిలో మీరన్న విరుగుడు గనక ఇచ్చి ఉంటే, మిగిలిన కాస్త ఎంజైమ్‌ని కూడా అది నొక్కేసేది. ఇంకా ఆలస్యమయ్యేది. నేను చెయ్యగలిగింది రెండే. ఆమె బదులు మిషన్‌తో ఊపిరి ఇవ్వడం, కదల్లేని ఒంట్లో మెలకువ రాకుండా నిద్రమందు నడపడం. ఆ రెండూ ఆపకుండా చేశాను. పక్కనుంచి కదల్లేదు."

"ఇదంతా నువ్వు చెప్పేదేగా," అంది ఇదిల్మా.

"నేను చెప్పేది కాదు. రాజధాని కీతోలో నార్సిసా రక్తం పరీక్ష చేశారు. నిన్న తెలిసింది."

ప్లుతార్కో నమలడం ఆపాడు. ట్యూనా పడవల మీద సగం జీవితం గడిపి ఈ మధ్యే ఒడ్డుకి చేరిన మనిషి. మాటలు తక్కువ.

"పుట్టుకతోనే అన్నావు," అన్నాడు. "ఎక్కణ్ణుంచి వస్తుందమ్మా అది?"

"తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి మామయ్యా. ఒక్కటే చెడ్డదైతే రెండోది కాపాడుతుంది, మనిషికి ఏమీ తెలియదు. నార్సిసాకి రెండూ చెడ్డవే వచ్చాయి. అంటే మీ ఇద్దరిలోనూ ఒక్కోటి ఉండాలి. మీకు హెర్నియా ఆపరేషన్ ఉంది కదా, ముందే చూసుకోవడం మంచిది. దిమాస్‌కి కూడా. ఈ రక్తం ఉన్నవాళ్ళు ఎవరైనా తెలియకుండా ఆపరేషన్ బల్ల ఎక్కకూడదు. మిషన్ లేని ఊళ్ళో అయితే ప్రాణమే పోతుంది."

ప్లుతార్కో అక్కడికక్కడే చొక్కా చెయ్యి మడిచాడు. "తియ్యి. సొరచేపలే ఏం చెయ్యలేదు, నీ సూది ఏం చేస్తుంది!"

నార్సిసా నవ్వింది. ఇన్ని రోజుల్లో ఆ ఇంట్లో మొదటి నవ్వు.

"నువ్వు కూడా అమ్మా," అంది.

"నేనివ్వను."

"ఒక్క చుక్కేగా."

"ఇవ్వనన్నానా! నా కూతురికి చేసింది చాలక ఇంటిల్లిపాదినీ గుచ్చాలా? అడిగే ధైర్యం ఎక్కడిది దీనికి?" ఇదిల్మా గొంతు పెద్దదే గానీ అందులో ఇందాకటి కోపం లేదు. ఇంకేదో ఉంది. బల్ల మీది పళ్ళేలు సగం సగం ఉండగానే ఎత్తుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

రోజూ పొద్దున్నే షుగరు చూసుకోడానికి తన వేలు తనే గుచ్చుకునే మనిషి ఆమె. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు.

* * *

"ఒట్టేసి చెప్పు," అన్నాడు దిమాస్.

ఎండకి ఊరంతా తలుపులు వేసుకుని పడుకున్న వేళ. పడవ ఇంజన్ల షాపుకి మళ్ళీ వెళ్ళేముందు అతను కాసేపు నడుం వాలుస్తాడు. ఇవాళ వాల్చలేదు. మంచం అంచున కూర్చుని చేతి గోళ్ళలో నల్లటి గ్రీజు గీక్కుంటున్నాడు.

"ఏమని?"

"ఆ రోజు నువ్వు రాత్రి డ్యూటీ మీద పగటి డ్యూటీ చేశావు. నిద్ర లేదు. సీసా తేడా పడలేదని ఒట్టేసి చెప్పు. నేనింకెవరికీ చెప్పను."

ఈ ప్రశ్న బెత్సబే తననే తను ఎన్నిసార్లు వేసుకుందో అతనికి తెలియదు. నార్సిసా ఛాతీ కదలని ఆ గంటల్లో, చెత్తబుట్టలోంచి పగిలిన సీసా తీసి పేరు చదివింది. మళ్ళీ తీసి మళ్ళీ చదివింది.

"కీతో వాళ్ళ పరీక్ష కంటే నా ఒట్టు గొప్పదా నీకు?"

"పరీక్ష చేయించిందీ నువ్వేగా."

ఆ మాట అనేశాక అతనికే బాగోలేదు. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. ఇద్దరి మధ్యా ఫ్యాను తిరుగుతోంది. అటు తిరిగే అన్నాడు.

"అమ్మ రక్తం ఎందుకివ్వనంది?"

"నాకేం తెలుసు."

"నువ్వేమనుకుంటున్నావ్?"

"నేనేమన్నాను దిమాస్?"

"అనలేదు. అందుకే అడుగుతున్నా. నువ్వేమీ అనకుండా ఉంటే నాకు భయం."

ఆ తర్వాత అతను చొక్కా తగిలించుకుని వెళ్ళిపోయాడు. తలుపు దగ్గరికి వేయను కూడా వెయ్యలేదు.

* * *

కీతోలో ఆ పరీక్షలు చేసే ఆస్త్రిద్ బెత్సబేతో పాటు చదువుకున్న మనిషి. వారం తిరక్కముందే ఫోన్ చేసింది.

"మీ ఆయనది మామూలే. మీ మామగారిదీ మామూలే."

"మామగారిది సగం తక్కువ ఉండాలే ఆస్త్రిద్."

"ఉండాలి. లేదు. ఎంత ఉండాలో అంత ఉంది, ఎలా ఉండాలో అలా ఉంది. సీసా మారిందేమో, ఇంకోసారి పంపు."

ఇంకోసారి పంపింది. ప్లుతార్కో మారు మాట్లాడకుండా ఇంకోసారి చెయ్యి చాచాడు. మళ్ళీ అదే జవాబు. ఆయన రక్తంలో ఏ వంకరా లేదు. నార్సిసాకి ఆయన నుంచి అది వచ్చే వీలు లేదు.

ఆసుపత్రి వెనక మెట్ల మీద నిలబడి ఫోన్ పెట్టేసింది బెత్సబే. విచారణ తేలేదాకా ఆపరేషన్ గదిలోకి రావద్దన్నారు ఆమెని. ఆ విచారణ అడుగుతూ సంతకం పెట్టినవాళ్ళు ఇద్దరు, ఓత్మారో, ఇదిల్మా. రాయించింది ఇదిల్మాయే.

ప్లుతార్కో నెలల తరబడి సముద్రం మీద ఉండేవాడు. నార్సిసా పుట్టినప్పుడూ లేడు. ఆ కథ ప్రతి పుట్టినరోజుకీ చెబుతాడు. పడవ దిగేసరికి రేవులో ఇదిల్మా పిల్లనెత్తుకుని నిలబడిందట. ఈయన గడ్డం గుచ్చుకుని పిల్ల ఏడ్చిందట.

నవ్వొచ్చింది బెత్సబేకి. వెంటనే సిగ్గేసింది. కానీ నవ్వు రావడం మాత్రం నిజం. నా చెయ్యి తగిలితే పులుసు పారబోసే మనిషి! ఇన్నాళ్ళూ నన్ను దోషిని చేసి నిలబెట్టి, తను దాచుకున్నది ఇదా!

* * *

ఇదిల్మా పెరట్లో చేతి మరలో వేరుసెనగలు ఆడిస్తోంది. నార్సిసా, బిడ్డ లోపల నిద్రపోతున్నారు. మగవాళ్ళు ఎవరూ ఇంట్లో లేరు. బెత్సబే అది చూసుకునే వచ్చింది.

"అత్తయ్యా, మీతో ఒక మాట."

మర ఆగలేదు.

"మామయ్య రక్తం సంగతి తెలిసింది."

మర ఆగింది.

"నేనెవరికీ చెప్పలేదు," అంది బెత్సబే. "చెప్పను కూడా. అది మీ ఇద్దరి విషయం. ఎప్పుడో జరిగిపోయింది. మీరు మాత్రం ఆసుపత్రిలో ఇచ్చిన ఫిర్యాదు వెనక్కి తీసుకోండి."

"తీసుకోకపోతే?"

బెత్సబే జవాబివ్వలేదు. ఇవ్వకపోవడమే జవాబైంది. అది ఆమెకి తెలుసు.

ఇదిల్మా పిండి అంటిన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కోడలిని ఎగాదిగా చూసింది. "అంటే, మొగుడు సముద్రం మీదుంటే నేను ఒడ్డున ఎవడితోనో కులికానంటావు."

"నేనా మాట అనలేదు."

"అననక్కర్లేదులే డాక్టరమ్మా! మొహం నిండా అదేగా!" అని నవ్వడం మొదలుపెట్టింది. మొదట గొంతులో, తర్వాత ఒళ్ళంతా కదిలిపోయేలా. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. తుడుచుకున్నా అవి ఆగలేదు. అప్పుడు గానీ అది నవ్వు కాదని బెత్సబేకి తెలియలేదు.

"ఆయన తప్ప ఇంకో మగవాడి చెయ్యి నా మీద పడలేదు," అంది ఇదిల్మా. "పదిహేడేళ్ళప్పుడు కట్టుకున్నా. నెలల తరబడి ఒక్కదాన్నే పడుకున్నా. ఇంటి గోడ మీద ఒక్క మాట పడనివ్వలేదు. నన్ను అలాంటిదనుకుంటూ నువ్వు నా ఇంట్లో నా కళ్ళెదుట తిరుగుతుంటే నేను భరించలేను."

"రక్తం అబద్ధం చెప్పదు అత్తయ్యా."

"సూది తెచ్చావా?"

"ఏంటి?"

"సూది! ఊరందర్నీ గుచ్చుతావుగా. లోపలికెళ్ళి తెచ్చుకో." చెయ్యి చాచింది. పిండి మరకల మధ్య నీలంగా నరం కనబడుతోంది. "ఎవరికీ చెప్పకు. తెలిశాక నాకూ చెప్పకు. నాకు తెలిసిందే. నువ్వు తెలుసుకో, చాలు."

సూది గుచ్చుతుంటే ఆమె పక్కకి తిరగలేదు. గొట్టం నిండేదాకా చూస్తూనే ఉంది.

* * *

"మీ అత్తగారిదీ మామూలే," అంది ఆస్త్రిద్. "ఏ వంకరా లేదు."

బెత్సబే ఫోన్ రెండో చెవికి మార్చుకుంది.

"వింటున్నావా? తండ్రిదీ మామూలే, తల్లిదీ మామూలే. అయితే ఆ పిల్ల ఎవరి పిల్ల?"

"తెలీదు."

"తెలుసుకో. ఆ పిల్లని కన్నవాళ్ళు ఎక్కడో ఉన్నారు. తోబుట్టువులు ఉంటే వాళ్ళలో నలుగురికి ఒకరు ఇలాంటివాళ్ళే అయ్యుంటారు. రేపు ఏ చిన్న ఊళ్ళోనో ఎవరో ఇదే మందు ఇస్తారు. అక్కడ నీలాగా పక్కన కూర్చునేవాళ్ళు ఉండకపోవచ్చు."

ఫోన్ పెట్టేశాక బెత్సబే ఇంటిదాకా నడుచుకుంటూ వచ్చింది. బస్సు ఎక్కాలన్న ఆలోచనే రాలేదు. ప్లుతార్కో సముద్రం మీద ఉండగా ఇదిల్మా కడుపుతో ఉన్న మాట నిజం. దిమాస్‌కి చిన్నప్పటి జ్ఞాపకం అది. తనని అమ్మమ్మ ఊరికి పంపేశారని, తిరిగొచ్చేసరికి చెల్లెలు ఉందని చెబుతాడు. ఆ మధ్యలో ఏమైంది? ఇదిల్మా కన్న బిడ్డ ఏమైంది? నార్సిసాని ఎవరిచ్చారు? ఇచ్చారా, లేక...

ఆ పైన ఆలోచించడానికి మనసొప్పలేదు. ఒక అనుమానం పోయిన చోట ఇంకోటి వచ్చి కూర్చుంది.

ఇంట్లో ఇదిల్మా ఎదురైంది. బెత్సబే మొహంలోకి ఒక్కసారి చూసింది. ఏమీ అడగలేదు. పసివాడి బట్టలు ఆరేసే తాడు వైపు వెళ్ళిపోయింది.

ప్లుతార్కోకి మాత్రం ఆయన సంగతి చెప్పక తప్పదు. ఆపరేషన్ ఆయనది. ఆయన్ని పక్కకి పిలిచి, "మీ రక్తంలో ఏ లోపం లేదు మామయ్యా, భయం లేకుండా చేయించుకోండి," అంది. అంతే అంది. తలూపి చెవి వెనక సిగరెట్ పెట్టుకుని వెళ్ళాడాయన. గండం దాటిందనుకుంది బెత్సబే.

* * *

ఆదివారం భోజనాల దగ్గర ప్లుతార్కో హుషారుగా ఉన్నాడు. చేపా పెండలమూ వేరుసెనగా కలిపి ఉడికించిన పులుసు రెండోసారి పోయించుకున్నాడు. ఒక గ్లాసు చెరకు సారా కూడా పడింది.

"ఎవరేమన్నా అనండి," అన్నాడు గ్లాసెత్తి, "నా రక్తం కడిగిన ముత్యం. డాక్టరు కోడలు చెప్పింది. ఒకసారి కాదు, రెండుసార్లు చూశారట. ఇన్నేళ్ళు ఉప్పుగాలి తాగినా ఒక్క లోపం లేదు. ఏమంటావమ్మా?"

బెత్సబే చేతిలో రొట్టె ఆగిపోయింది.

"ఏ లోపమూ లేదా నాన్నా?" అంది నార్సిసా.

"ఒక్కటీ లేదు."

నార్సిసా పసివాణ్ణి భుజం మీదికి మార్చుకుంది. వాడి వీపు నిమురుతూ వదినగారి వైపు తిరిగింది. "వదినా, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి అన్నావు. ఇద్దరిలోనూ ఉండాలన్నావు."

"నార్సీ, తర్వాత మాట్లాడుకుందాం."

"నాన్నలో లేదట కదా."

గ్లాసు బల్ల మీదికి దిగింది. నెమ్మదిగా దిగింది గానీ అందరికీ వినబడింది. దిమాస్ తల్లివైపు చూశాడు. ఓత్మారో అత్తగారివైపు చూశాడు. ఆ రోజు ఆమె సూది వద్దన్న సంగతి ఇప్పుడు బల్ల చుట్టూ ఒక్కొక్కరికే గుర్తొస్తోంది.

"పరీక్ష తప్పయ్యుంటుంది," అన్నాడు ప్లుతార్కో. "తప్పయ్యుంటుంది కదమ్మా?" అని కోడల్ని అడిగాడు.

ఇప్పుడు ఒక్క మాట చాలు. అత్తయ్య రక్తం కూడా మామూలే అంటే ఈ పెద్దాయన పరువు నిలబడుతుంది. ఈవిడ పరువూ నిలబడుతుంది. కానీ ఆ పసివాణ్ణి ఎత్తుకున్న పిల్ల ఒక్క క్షణంలో ఈ ఇంట్లో ఎవరికీ ఏమీ కానిదైపోతుంది.

బెత్సబే నోరు తెరిచింది.

"పరీక్ష తప్పు కాదు," అంది ఇదిల్మా.

ఆమె కూర్చున్న చోటు నుంచి కదల్లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"తప్పు నాది. మీరు సముద్రం మీదున్నప్పుడు జరిగింది. నార్సిసా మీ బిడ్డ కాదు. నా బిడ్డే. నా కడుపున పుట్టిందే. కానీ మీ బిడ్డ కాదు."

బెత్సబే రొట్టె పళ్ళెంలో పెట్టేసింది. నిన్నగాక మొన్న పెరట్లో, ఇంటి గోడ మీద ఒక్క మాట పడనివ్వలేదన్న మనిషి. ఆ గోడ మీద ఇప్పుడు తన చేత్తో తనే రాసుకుంటోంది.

ప్లుతార్కో గ్లాసు పక్కకి జరిపాడు. "రేవులోకి తీసుకొచ్చావు," అన్నాడు. "నా చేతుల్లో పెట్టావు."

"పెట్టాను."

"నా పోలికే అన్నావు."

ఇదిల్మా తల దించింది. ఇంట్లోకొచ్చిన ఇన్నేళ్ళలో ఆమె తల దించగా బెత్సబే చూడలేదు.

పెద్దాయన కోడలివైపు తిరిగాడు. కళ్ళు ఎర్రబడ్డాయి గానీ గొంతు మామూలుగానే ఉంది. "నువ్వు చెప్పు. నువ్వు చదువుకున్నదానివి. ఈ ఇంట్లో అందరూ నిన్ను అబద్ధాలకోరువన్నారు, నేనొక్కణ్ణే అనలేదు. అందుకని నిన్నే అడుగుతున్నా. రక్తం ఇదే చెబుతోందా?"

బల్లకి అటు చివర ఇదిల్మా తలెత్తింది. బతిమాలలేదు. చెయ్యి అడ్డం పెట్టలేదు. కోడలి మొహంలోకి చూసింది, అంతే.

"అవును మామయ్యా," అంది బెత్సబే. "ఇదే చెబుతోంది."

ఒక పరీక్ష గురించి ఆమె అబద్ధం చెప్పడం అదే మొదటిసారి. ఎవరూ అనుమానించలేదు.

ప్లుతార్కో లేచాడు. కుర్చీ జాగ్రత్తగా లోపలికి తోసి, కొక్కేనికి ఉన్న టోపీ తీసుకుని, వీధి తలుపు తీసి వెళ్ళిపోయాడు. దిమాస్ కాసేపు తల్లిని చూస్తూ కూర్చుని, "నాన్నా!" అంటూ ఆయన వెనకే పరుగెత్తాడు.

"అయితే అక్కయ్య గారి తప్పేం లేనట్టేగా," అన్నాడు ఓత్మారో తడబడుతూ. "రేపే వెళ్ళి ఆ ఫిర్యాదు వెనక్కి తీసేసుకుంటాను."

ఇన్నాళ్ళుగా ఆ మాట కోసమే ఎదురుచూసింది బెత్సబే. తీరా వచ్చాక దాన్నెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "నీ ఇష్టం," అంది.

నార్సిసా ఏడవలేదు. లేచి వచ్చి తల్లి పక్క కుర్చీలో కూర్చుంది. తల్లి భుజానికి తన భుజం ఆనించింది. ఇదిల్మా ఒక్కసారి వణికి, మనవణ్ణి తన ఒళ్ళోకి తీసుకుంది. వాడు నిద్రలో గుప్పిట విప్పి మళ్ళీ మూశాడు. ముగ్గురూ అలా ఒకర్నొకరు ఆనుకుని కూర్చుంటే, చెప్పిన అబద్ధం వృథా పోలేదనిపించింది బెత్సబేకి.

"నేను నిన్నేమీ అననమ్మా," అంది నార్సిసా మెల్లగా. "నువ్వు ఒక్కదానివే ఉండేదానివి. నాకు తెలుసు."

ఇదిల్మా పసివాడి మొహం మీంచి చూపు తిప్పలేదు. వాడి నుదుటి మీద వెంట్రుకలు సవరిస్తోంది.

"వాళ్ళకి కూడా చెప్పాలి కదా, ఆ రక్తం వాళ్ళకి. తెలియకుండా ఎవరైనా ఆపరేషన్‌కి వెళ్తే..." నార్సిసా ఆగింది. ఆ తర్వాతి మాటకి ధైర్యం కూడదీసుకోవాల్సి వచ్చింది. "అమ్మా, ఆ మనిషి బతికే ఉన్నాడా?"

"ఉంది," అంది ఇదిల్మా పరధ్యానంగా.

వెంట్రుకలు సవరించే చెయ్యి ఆగిపోయింది.

"ఉన్నాడు," అని దిద్దుకుంది.

అప్పటికే నార్సిసా భుజం తల్లి భుజం నుంచి విడివడింది.